పెట్ స్కాను నడుగవలసిన ప్రశ్న

పెద్దప్రేగునందో పురీషనాళమునందో పుట్టిన పుండు క్యాన్సరేయని బయాప్సీ నిర్ధారించిన నాటి సాయంకాలమే ఇంటిల్లిపాదియు నొకచోట చేరి చేయు మొదటి తీర్మానము సామాన్యముగా నొక్కటే: ఎంత ఖర్చయినను సరే, ఒళ్లంతయు నొక్కసారి పెట్ స్కాను తీయించి చూడవలెననునది. భయమునకు పెద్ద యంత్రములయందు మక్కువ మెండు. ఈ తీర్మానమునకు మూలము ప్రేమయే యయినను, దానికి ముందు వేసికొనవలసిన ప్రశ్న యొకటి కలదు. పరీక్షాఫలితము ఇట్లు వచ్చినచో నేమి చేయుదురు, అట్లు వచ్చినచో నేమి చేయుదురు, ఆ రెండు మార్గములకును భేదము కలదా? భేదము కలదేని పరీక్ష తప్పక చేయింపవలసినదే. లేదేని, దాని వలన సొమ్మును, పది దినముల కాలమును, రాత్రుల నిద్రయు పోవుటయే కాని, రోగికి ఒనగూడునది మిక్కిలి స్వల్పము. కష్టకాలమున వివేకము నిలుపుకొనుటను గూర్చి యీ గ్రంథమునందు చెప్పుచు వచ్చిన దంతయు ఇచట ఈ యొక్క ప్రశ్నగా దిగివచ్చును.

ఆ ప్రశ్నను వైద్యుని సముఖమున సరిగా నడుగవలెనన్నచో ఆ యంత్రము చూచునదేమో కొంత తెలిసియుండవలెను. జర్మనీ దేశీయుడైన ఆటో వార్బుర్గ్ 1920 తరువాతి సంవత్సరములలో, క్యాన్సర్ కణములు ప్రాణవాయువు సమృద్ధిగా నున్నప్పుడును చక్కెరను మితిమీరి గ్రహించి, దానిని సంపూర్ణముగా దహింపక లాక్టిక్ ఆమ్లముగా మార్చి విడుచుచున్నవని గమనించెను. అర్ధశతాబ్దము గడచిన పిమ్మట అమెరికాలోని బ్రూక్‌హేవెన్ ప్రయోగశాల రసాయనజ్ఞులు గ్లూకోజు అణువునందలి యొక భాగమును తొలగించి, ఆ స్థానమున రేడియోధార్మికమైన ఫ్లోరిన్-18ను నిలిపి, ఎఫ్.డి.జి. యను చక్కెరను సిద్ధపఱచిరి. 1976 ఆగస్టులో దానిని విమానముమీద ఫిలడెల్ఫియాకు తెప్పించి, పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయమున తొలిసారి మనుష్యుల శరీరమున కెక్కించిరి. కణము దీనిని నిజమైన చక్కెరయే యని భ్రమించి లోనికి తీసికొనును; హెక్సోకైనేజ్ అను ఎంజైము దానికి ఫాస్ఫేటును తగిలించును; అంతటితో దాని నడక ఆగిపోయి, ముందునకు జీర్ణము గాక, వెనుకకు వెలువడలేక, అది కణమునందే చిక్కుపడియుండును. ఫ్లోరిన్ విడిచిన పాజిట్రాను దగ్గఱనున్న ఎలక్ట్రానును తాకి నశించునప్పుడు రెండు గామా కిరణములు ఎదురెదురు దిక్కులకు దూసికొనిపోవును. రోగి చుట్టును వలయముగా నమర్చిన గ్రాహకములు ఆ జంటను ఏకకాలమున పట్టి, అవి బయలుదేరిన చోటును గణించి చిత్రముగా నిలుపును. దానితోపాటు అదే బల్లమీద సీటీ చిత్రమును తీసి, రెంటిని ఒకదానిపై నొకటి పఱచుటచేత, వెలుగు ఏ యవయవమున నున్నదో తెలియుచున్నది. మన దేశమున ఈ విద్య 2002లో ముంబయిలోని పరేలునందున్న రేడియేషన్ మెడిసిన్ సెంటరున మొదలైనది. నేడు హైదరాబాదు, విశాఖపట్టణము మొదలైన నగరములవారికి ఇది దూరదేశపు వింత కాదు.

ఫ్లోరిన్-18 యొక్క శక్తి సుమారు 110 నిమిషములకు సగమగును. సైక్లోట్రాను నుండి వచ్చిన మందు మీ కొఱకు గడియలు లెక్కించుకొనుచు కూర్చుండదు గనుక, ఏడుగంటలకు రమ్మన్నప్పుడు తొమ్మిదింటికి పోవు మన అలవాటు ఈ ఒక్కచోట చెల్లదు.

ఇక దశానిర్ణయము. 1932లో లండనులోని సెయింట్ మార్క్స్ ఆసుపత్రియందు కత్‌బర్ట్ డ్యూక్స్ అను రోగనిర్ధారణ శాస్త్రజ్ఞుడు, కోసి తీసిన పురీషనాళములను పరిశీలించి, పుండు గోడలోపలనే యున్నదా, గోడను దాటినదా, లింఫ్ గ్రంథులకు ప్రాకినదా యను మూడు ప్రశ్నలతో రోగమును ఏ, బీ, సీ తరగతులుగా విభజించెను. నేటి టీ.ఎన్.ఎం. పద్ధతి ఎంత సూక్ష్మముగా పెరిగినను దాని వెన్నెముక అదియే: గోడలో ఎంతలోతు, గ్రంథులలో ఎన్ని, వానికి తోడుగా దూరావయవములలో నున్నదా లేదా. ఈ మూటికిని బదులు చెప్పగల పరీక్షలు వేఱువేఱు. లోతును చూచుటకు పెట్ స్కాను చాలదు. ప్రేగుగోడ పొరలు దాని దృష్టికి అందనంత పలుచనివి. పురీషనాళపు పుండైనచో ఆ పని ఎంఆర్‌ఐ చక్కగా చేయును. పుండును ఆనుకొనియున్న చిన్న గ్రంథులు, పుండుయొక్క ప్రచండమైన వెలుగులో మునిగిపోయి వేఱుగా కానరావు. గ్రంథులనుగూర్చి తుదిమాట శస్త్రచికిత్సానంతరము వానిని సూక్ష్మదర్శినిక్రింద చూచువానిదే. అందులకే కనీసము 12 గ్రంథులనైనను పరిశీలింపవలెనని నియమము ఏర్పడినది. ఆపరేషను తరువాత వచ్చు కాగితమునందు ఆ సంఖ్య యెంతయో చూచుకొనుట, స్కానులో ఎన్ని చుక్కలు వెలిగెనో లెక్కించుటకన్న మేలైన పని.

మిగిలినది మూడవ ప్రశ్న. ప్రేగులనుండి వచ్చు రక్తము నేరుగా కాలేయమున ప్రవేశించును గనుక, పెద్దప్రేగు క్యాన్సరు ప్రాకుచో తొలుత చేరు స్థలము సాధారణముగా కాలేయమే. పురీషనాళపు క్రిందిభాగమునుండి కొంత రక్తము కాలేయమును తాకకయే గుండెకు చేరుటచేత, అచటి రోగము ఊపిరితిత్తులకు మొదట పోవుటయు కలదు. ఈ దూరపు జాడలను వెదకుటయందే పెట్ స్కానుకు పేరు. అయినను, కొత్తగా బయటపడిన ప్రేగు క్యాన్సరుకు రొమ్ము, ఉదరము, కటిప్రదేశములకు సిరద్వారా మందెక్కించి తీయు సీటీయే నేటికిని మొదటి పరీక్ష. పెట్ స్కానును అందఱికిని నియమముగా చేయింప నవసరము లేదనియే ప్రామాణికములైన వైద్యసూచనలు చెప్పుచున్నవి. మీ వైద్యుడు దానిని వ్రాయకున్నచో అది ఆయన యశ్రద్ధ యని భావింపకుడు. పెద్ద పరీక్ష వ్రాయనివాడు చిన్న వైద్యుడను లెక్క మనలో చాలమందికి తెలియకయే మనసున నాటుకొనియున్నది.

మఱి దాని నెప్పుడు తప్పక కోరవలెను? మూడు సందర్భములు నాకు ముఖ్యముగా తోచుచున్నవి. సీటీలో నొక మచ్చ కనబడి, అది రోగమో కాదో తేలక, ఆ తేలుటమీద చికిత్స ఆధారపడియున్నప్పుడు మొదటిది. దీనిని గూర్చి వివరింప పనిలేదు.

రెండవది కాలేయమునకు ప్రాకిన రోగమును కోసి తీయుటకు వైద్యులు సంకల్పించినప్పటి మాట. నాలుగవ దశ యనగానే అంతయు ముగిసినదని మనవారు నిరాశపడుదురు గాని, కాలేయములోని గడ్డలు తీయుటకు వీలైనచోట నుండి, మఱెక్కడను రోగము లేనిచో, అట్లు ఎన్నుకొనబడి శస్త్రచికిత్స పొందినవారిలో నూటికి 40 మంది ప్రాంతమువారు అయిదేండ్లు దాటి జీవించుచున్నారు. కావున పొట్ట తెఱచుటకు ముందు “మఱెక్కడను లేదుగదా” యని రూఢిచేసికొనుట యెంత విలువైనదో చెప్పనక్కఱలేదు. ఈ విషయమున రెండు పరిశోధనలు విభిన్నములైన ఫలితముల నిచ్చినవి. రెంటిని పక్కపక్కన నుంచి చదువుట మంచి పాఠము. నెదర్లాండ్స్ దేశమున 150 మంది రోగులపై జరిగి 2009లో వెలువడిన పరిశోధనయందు, సీటీ మాత్రమే తీసినవారిలో నూటికి 45 మందికి శస్త్రచికిత్స వ్యర్థము కాగా, పెట్ స్కానుకూడ చేసినవారిలో అది 28కి తగ్గినది. కెనడాలో 404 మందిపై జరిగి 2014లో ప్రకటింపబడినదానియందో, పెట్-సీటీ తీసిన 263 మందిలో 21 మందికే, అనగా నూటికి 8 మందికే, శస్త్రచికిత్సానిర్ణయము మాఱినది. ఆయుర్దాయమున రెండువర్గములకును భేదము కానరాలేదు.

ఏది నిజము? రెండును నిజములే. డచ్చివారి లెక్కలో పొట్ట తెఱచి పూర్తిగా తీయలేక మూయుటయే కాక, ఆఱు నెలలలోపల రోగము తిరిగివచ్చుటయు వ్యర్థముగనే పరిగణింపబడినది. కెనడావారు మేలైన సీటీ చిత్రములు చూచి, శస్త్రచికిత్సకు అర్హులని ముందే తేల్చినవారిని మాత్రమే తీసికొనిరి. మొదటి పరీక్ష ఎంత శ్రద్ధగా జరిగినదో, రెండవ పరీక్షకు కనుగొనదగినది అంత తక్కువగా మిగులునని నా యభిప్రాయము. మీ చేతిలోనున్న సీటీ పాతదియై, సిరలో మందెక్కింపకయే తీసినదై, మబ్బుపట్టినట్లున్నచో, పెట్ స్కానుకు పరుగెత్తుటకు ముందు ఆ సీటీనే సరిగా మరల తీయించుట సముచితమేమో అడుగుడు.

మూడవ సందర్భము చికిత్స ముగిసిన కొంతకాలమునకు వచ్చునది. 1965లో మాంట్రియాలునందు గోల్డ్, ఫ్రీడ్మన్ అను శాస్త్రజ్ఞులు కనుగొన్న సీఈఏ యను పదార్థమును రక్తమున కొలిచి, అది క్రమముగా పెరుగుచున్నదేని రోగము తిరుగబడెనేమోయని శంకించుట వాడుక. సీఈఏ పెరుగును, సీటీలో నేమియు కనబడదు. రోగియు వైద్యుడును నెలల తరబడి ఆ సంఖ్య వంకనే చూచుచుందురు. అట్టి సందిగ్ధమున పెట్ స్కాను నిజముగా అక్కఱకు వచ్చును. పురీషనాళమును తీసిన పిమ్మట కటిప్రదేశమున త్రికాస్థికి ముందు మిగిలిన గట్టితనము మానిన గాయపు మచ్చయో, మరల మొలచిన రోగమో సీటీకి తెలియదు. పాత మచ్చ చక్కెరను అంతగా కోరదు, రోగము కోరును. రేడియేషనుగాని శస్త్రచికిత్సగాని జరిగిన కొలది వారములకే తీసినచో మాత్రము మానుచున్న గాయమే వెలిగి తికమక పెట్టును.

ఇచట ఈ పరీక్ష పొరబడు తీరులను కొంత తీరికగా చెప్పవలెను; ఎందుకన, రిపోర్టును చదివి మనుష్యులు కుప్పకూలుటయు, పొంగిపోవుటయు ఎక్కువగా ఈ యజ్ఞానమువలననే. చక్కెరను కోరునది క్యాన్సరొక్కటే కాదు. మెదడు కోరును, గుండె కోరును, ఎఫ్.డి.జి. మూత్రమున వెడలుటచేత మూత్రపిండములును మూత్రాశయమును వెలుగును. వాపు, చీము, క్షయ యున్నచోటను రక్తకణములు గుమిగూడి చక్కెరను మ్రింగుచుండును. దూరమునుండి చూచువానికి వంటపొయ్యి పొగయు కొంప కాలు పొగయు నొక్కతీరుగనే కనబడును. క్షయ యింకను విస్తారముగా నున్న మన దేశమున, రొమ్ములోని గ్రంథులు వెలిగినంతమాత్రమున నాలుగవ దశయని తీర్మానించుట మహాపరాధము. అచటినుండి ముక్క తీసి పరీక్షింపనిదే అట్టి మాటను తుదిమాటగా స్వీకరింపకుడు. ఇందులకు విపరీతముగా, రోగముండియు వెలుగకపోవుటయు కలదు. జిగట పదార్థమును విస్తారముగా స్రవించు మ్యూసినస్ జాతి పుండ్లలో కణములు పలుచగా నుండుటచేత వెలుగు మందము. సెంటీమీటరుకన్న చిన్నవైన మచ్చలు, అందును ఉదరపు పొరపై చల్లినట్లున్న నలుసులు, యంత్రపు కంటికి తప్పించుకొనును. కీమోథెరపీ యిచ్చిన కొలదిదినములకే తీసినచో కణములు చావకయే సొమ్మసిల్లి యుండి, కాలేయము నిర్మలమైనట్లు భ్రమ గొల్పును. బయాప్సీ కాగితములో మ్యూసినస్ అని యున్నదా, కడపటి కీమో యే తేదీన జరిగినది, యీ రెండును స్కాను చదువు వైద్యునికి మీరే తెలుపుట మేలు.

మఱియొక మాట. వేఱొక రోగమునకై తీసిన స్కానులో ప్రేగునందొకచోట చుక్కవలె వెలుగు కనబడెనని వ్రాసినచో దానిని తేలికగా విడువరాదు. ప్రేగంతట పరచుకొన్న వెలుగు సాధారణముగా సహజమో, మధుమేహమునకు వాడు మెట్‌ఫార్మిన్ చలువయో అయియుండును. ఒకేచోట గుమిగూడిన వెలుగు మాత్రము తఱచుగా కణితియో, క్యాన్సరుగా మాఱబోవు పిలకయో అగుటచేత, కొలనోస్కోపీ చేయించితీరవలెను.

పరీక్షకు పోవువారు చేయవలసినవి కష్టములు కావుగాని ఖచ్చితములు. ముందు ఆఱుగంటలు ఉపవాసము, మంచినీరు త్రాగవచ్చును. “ఒక్క గుక్కెడు కాఫీయేగదా” యను దాక్షిణ్యము ఇచట పనికిరాదు. ఆ గుక్కెడులోని చక్కెర ఇన్సులినును లేపగా, మందంతయు కండరములలోనికి పోవును. అదే కారణముచేత ముందురోజు బరువులెత్తుట, పరుగులు, వ్యాయామములు మానవలెను. రక్తమున చక్కెర 200 మిల్లీగ్రాములు మించినచో సామాన్యముగా పరీక్షను వాయిదా వేయుదురు; కావున మధుమేహము గలవారు అపాయింటుమెంటు తీసికొనునప్పుడే ఆ సంగతి చెప్పి, ఇన్సులిను వేళలను నిశ్చయించుకొనవలెను; మెట్‌ఫార్మినును 48 గంటలముందు ఆపుట కొన్నిచోట్ల ఆచారమైనను, అది మీ వైద్యుని యనుమతితో జరుగవలసినది. సూది వేసిన పిమ్మట గంటసేపు చీకటిగదిలో కదలక, ఫోను పట్టక, పలుకక విశ్రమింపవలెను. చలి వేసినచో దుప్పటి యడుగుడు, మొగమాటపడకుడు. చలికి మెడచుట్టు నున్న గోధుమవర్ణపు క్రొవ్వు రగిలి, లేని రోగమును చూపును. పరీక్ష ముగిసిన తరువాత నీరు విరివిగా త్రాగి, ఆ పూటకు పసిపిల్లల నొడిలో కూర్చుండబెట్టుకొనక, గర్భిణులకు దూరముగా నున్నచాలును. రేడియేషనును గూర్చి భయపడువారికి: సూదిమందు వలన కలుగునది సుమారు 7 మిల్లీసీవర్టులు, సీటీ దానికి మఱికొంత చేర్చును, ప్రకృతినుండి మనుష్యునకు ఏటేట సగటున వచ్చునది 2.4. క్యాన్సరు చికిత్సలో ఇది పెద్ద విషయము కాదు. అవసరము లేక మూడేసి నెలలకొకసారి తీయించుకొనుటకు అనుమతియు కాదు.

రిపోర్టు చేతికి వచ్చును. అందరును వెదకునది ఎస్.యు.వి. యను సంఖ్య. ఎక్కించిన మందు శరీరమంతట సమానముగా పరచుకొన్నయెడల ఒక్కొక్కచోట నుండవలసినదానికి, ఆ చోట నిజముగానున్నది ఎన్నిరెట్లో అది తెలుపును. అంతమాత్రమే. రోగి బరువు, రక్తములోని చక్కెర, సూది వేసిన ఎంతసేపటికి తీసిరి, యంత్రమెట్టిది యనువానినిబట్టి అది మాఱుచుండును. ఒకచోట 9 వచ్చి మఱొకచోట 11 వచ్చినంతనే రోగము ముదిరెనని యేడ్వనక్కఱలేదు. వెలిగిన కణితి ఘనపరిమాణమును, ఆ పరిమాణమును సగటు ఎస్.యు.వి.చే గుణించిన మొత్తమును కొలిచి, అవి హెచ్చుగా నున్నవారికి రోగభవిష్యత్తు కొంత మందమని చూపిన అధ్యయనములు పెక్కు కలవు. అయినను ఈ కొలతలు టీ.ఎన్.ఎం. దశలో చేరలేదు, వీనినిబట్టి మాత్రమే ఒకరికి చికిత్సను మార్చు నియమమును లేదు. దశ, గ్రంథుల లెక్క, కణముల స్వభావము, ఎం.ఎస్.ఐ., కేఆర్‌ఏఎస్, బీఆర్‌ఏఎఫ్ అను జన్యుపరీక్షలు, సీఈఏ, వీని తరువాతనే వాని కూర్చుండు చోటు.

రోగభవిష్యత్తును గూర్చిన సంఖ్యల నెట్లు వినవలెనో నేర్చుకొనుట యీ యధ్యాయములో కఠినమైన భాగము. అమెరికాలో ప్రకటించు లెక్కలనుబట్టి, రోగము ప్రేగుకే పరిమితమైనచో అయిదేండ్లు జీవించువారు నూటికి 90 మంది ప్రాంతము. సమీపగ్రంథులకు చేరినచో 70కి పైచిలుకు. దూరావయవములకు పోయినచో 15 ప్రాంతము. ఈ అంకెలు కొన్నియేండ్లక్రిందట రోగము బయటపడినవారివి. అప్పటికి లేని మందులు కొన్ని నేడు కలవు. పైగా 15 అనునది ఆపరేషనుకు లొంగిన ఏకైకమైన కాలేయపు గడ్డ గలవానిని, సర్వాంగములకు వ్యాపించినవానిని ఒకే సంచిలో వేసి తీసిన సగటు. కావున వైద్యుని “ఎంతకాలము?” అని యడుగుటకు మారుగా “నావంటి స్థితిలోనున్నవారిలో మంచిగా జరిగినవారి కెట్లు జరిగినది, చెడుగా జరిగినవారి కెట్లు జరిగినది, సామాన్యముగా నేమగును?” అని మూడు ముక్కలుగా నడుగుడు. తెలిసిన వైద్యుడు మూటికిని బదులు చెప్పును.

మన ఇండ్లలో ఆ ప్రశ్న నడుగునది రోగి కాదు, కొడుకో అల్లుడో. “నాన్నగారికి చెప్పవద్దు డాక్టరుగారూ” అని గది వెలుపలనే మాట తీసికొందురు. వారి ప్రేమను నేను శంకింపను. కాని ఆఱుగంటలు ఉపవాసముండి, చీకటిగదిలో ఒంటరిగా పడుకొని, గొట్టములో నుండి వెలికివచ్చిన మనుష్యునికి తన కేదియో పెద్దదియే జరిగినదని తెలియదా? తెలిసినదానిని ఎవ్వరితోను పంచుకొనలేని స్థితిలో మాత్రమే ఆయనను పెట్టుచున్నారు. ఎంతవరకు తెలిసికొనగోరుచున్నారో ఆయననే మెల్లగా నడుగుడు: “స్కాను వచ్చినది నాన్నగారూ, డాక్టరుగారితో మీరే మాటాడెదరా, మమ్ము వినుమందురా?” కొందఱు వినమందురు. కొందఱు పొలమును, పంపకములను, ఇంకను పెండ్లికాని కూతురిని తలచుకొని, తామే వినియెదమందురు. ఏది చెప్పినను అది వారి నిర్ణయము.

కడపట నొక చిల్లర పని, దానిని పలువురు మఱతురు. కాగితపు రిపోర్టుతోపాటు చిత్రములుగల డిస్కును అడిగి తీసికొని, పైన తేదీ వ్రాసి భద్రపఱపుడు. వేఱొక వైద్యుని యభిప్రాయము కోరునప్పుడు ఆయనకు కావలసినది రిపోర్టులోని మాటలకన్న ఆ చిత్రములే. మరల పరీక్ష అవసరమైనప్పుడు, వీలున్నంతవరకు అదే యంత్రముమీద, సూది వేసిన అంతే సేపటికి, రక్తములో చక్కెర దాదాపు అంతే యున్నప్పుడు తీయించుడు. పాత డిస్కును వెంట తీసికొనిపోయి, రెంటిని పోల్చి వ్రాయుడని కౌంటరువద్ద గాక స్కాను చదువు వైద్యునికే చెప్పుడు.